విమానం క్షేమంగా దిగాక కూడా గేటు దగ్గర ఎందుకు గుద్దుకుంటుంది?

గన్నవరంలో 2021 ఫిబ్రవరిలో జరిగింది బెజవాడ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. దోహా నుంచి వచ్చిన బోయింగ్ 737 చక్కగా దిగి, పార్కింగ్ బే వైపు వెళ్తూ కుడి రెక్కతో లైట్ల స్తంభాన్ని కొట్టింది. 64 మంది ప్రయాణికులూ క్షేమం.

అంత పెద్ద స్తంభం పైలట్‌కి కనబడలేదా అంటారు. స్తంభం కనబడుతుందండీ, కష్టమల్లా రెక్క కొసతోనే. రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి సీట్లోంచి చివర ఎక్కడుందో అంచనా అందదు. పెద్ద విమానాల్లో అయితే చాలావాటికి అసలు కనబడదు. పైగా మలుపులో బయటివైపు కొస అనుకున్నదానికన్నా ఎక్కువ దూరం పోతుంది. అందుకే నేలమీద పసుపు గీత. ముందు చక్రం దానిమీద నడిస్తే రెక్కలకు చోటున్నట్టు లెక్క. గీత తప్పినా, తన సైజుకు సరిపడని గీత పట్టుకున్నా, పక్కన ఏదో బండి హద్దు దాటి నిలబడినా ఆ లెక్క చెల్లదు.

మనుషులకూ ముప్పే. 2015 డిసెంబరులో ముంబైలో కింద సిబ్బంది తప్పుకోకముందే విమానం కదిలి, ఇంజిన్ ఒక టెక్నీషియన్‌ను లాగేసింది.

ఇక ఆగాక లగేజీ బెల్టు, ఫుడ్ ట్రక్కు, ఇంధనం బండి, మెట్లు అన్నీ ఒకేసారి చుట్టుముడతాయి, టైమేమో తక్కువ. నన్నడిగితే అసలు ప్రమాదం ఎవరూ చెప్పని చిన్న దెబ్బే. అల్యూమినియం అయితే సొట్ట కనబడుతుంది. కార్బన్ ఫైబర్ బాడీ పైకి నున్నగానే ఉండి, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు.