అమ్మకి రోబో పిల్లి ఇవ్వచ్చా?

ప్రశ్న: మేడమ్, మా అమ్మకి డిమెన్షియా. ఇక్కడ న్యూజెర్సీలోనే ఒక కేర్ హోమ్‌లో ఉంటోంది. సాయంత్రమయ్యేసరికి ఇంటికెళ్లిపోతానని ఒకటే గొడవ. రోబో పిల్లిని ఇచ్చి చూద్దామా అని నర్సు అడిగింది. 30 ఏళ్లు టీచరుగా చేసిన మనిషి చేతిలో బొమ్మ పెట్టడమంటే నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకోండి, ఇందులో అవమానమేమీ లేదు. జపాన్‌లో తకనోరి షిబాతా అనే ఇంజినీర్ తయారుచేసిన పారో అనే సీల్ (సముద్రపు జంతువు) పిల్ల రోబోని 2009లోనే అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ వైద్య పరికరంగా గుర్తించింది. నిమిరితే కదులుతుంది, పిలిస్తే తల తిప్పుతుంది. పిల్లినో కుక్కనో చేస్తే జనం నిజందాంతో పోల్చి పెదవి విరుస్తారని, ఎవరూ ఇంట్లో పెంచని సీల్‌ని ఎంచుకున్నారాయన. అయితే దాని ధర వేల డాలర్లు. బ్యాటరీలతో నడిచే పిల్లులు, కుక్కపిల్లలు అంతకంటే ఎంతో చవక, మీకు అవి చాలు. ఎందుకంటే ఆస్ట్రేలియాలో 28 కేర్ హోముల్లో 415 మందితో చేసిన పరిశీలనలో పారో వల్ల పెద్దవాళ్ల ఆందోళన కొంత తగ్గింది గానీ, స్విచ్ ఆపేసిన అదే బొమ్మతో పోలిస్తే మాత్రం పెద్ద తేడా లేదు, స్విచ్ వేసిన పారోతో కాస్త ఎక్కువ మాట్లాడారంతే.

ఆ మాట్లాడటమే మీ అమ్మగారికి ముఖ్యం అంటాను నేను. ఈ జబ్బు ముదిరేకొద్దీ చాలామందికి తర్వాత నేర్చుకున్న ఇంగ్లిష్ ముందు పోతుంది, అక్కడ తెలుగు వచ్చినవాళ్లు లేకపోతే ఆవిడ రోజంతా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. పిల్లితో అయితే తెలుగులోనే మాట్లాడుకోవచ్చు.

కానీ ముందు ఆవిడకి పిల్లులంటే ఇష్టమో కాదో గుర్తుచేసుకోండి, మన పెద్దవాళ్లలో పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునేవాళ్లు బోలెడంత మంది, అలాంటివారైతే కుక్కపిల్లనే అడగండి. తెచ్చి ఒళ్లో పెట్టేయకండి, పక్కన బల్ల మీద ఉంచితే కావాలనుకుంటే తనే తీసుకుంటుంది. బొమ్మేనా అని అడిగితే అవునని చెప్పండి. నిజందే అనుకుని పేరు పెట్టుకుంటే మాత్రం వాదించకండి. ఇంకొకరితో పంచుకోకుండా ఆవిడకంటూ ఒకటి ఉండాలి, ఇన్ఫెక్షన్ల భయం.

ఇంకోమాట, సాయంత్రం గొడవకి నొప్పో, మలబద్ధకమో, యూరిన్ ఇన్ఫెక్షనో కూడా కారణం కావచ్చు. బొమ్మ కంటే ముందు అవి చూడమని డాక్టరుని గట్టిగా అడగండి. పిల్లి ఉంది కదా అని స్టాఫ్ ఆవిడ దగ్గర కూర్చోవడం మానేస్తే ఊరుకోవద్దు, మీరు వెళ్లడమూ తగ్గించొద్దు. వారం పది రోజులు చూడండి, ఆవిడ విసిరికొడితే తీసేయమనండి.