సంక్రాంతి సెలవుల్లో తోడేళ్లు కనబడతాయా?

ప్రశ్న: సార్, మా అన్న కొడుకు అమెరికాలో ఉంటాడు. పోయిన జనవరిలో ఎల్లోస్టోన్ పార్కుకు పోయి మంచులో తోడేళ్ల గుంపును చూసి వీడియో పంపాడు. మన దిక్కు తోడేళ్లున్నాయా? సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు చూపిద్దామనుకుంటున్నా. వాటి బొరియ ఎక్కడుందో తెలిస్తే పని సులువు కదా? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఉన్నాయి. బొరియ ముచ్చట మాత్రం మర్చిపోండి. మన తోడేళ్లు అక్టోబరు, డిసెంబరు మధ్య జతకడతాయి, రెండు నెలలకు ఈనుతాయి, అంటే సరిగ్గా మీ సెలవులప్పుడే లోపల పసికూనలుంటాయి. మనిషి అలికిడైతే తల్లి వాటిని నోట కరుచుకుని చలిలో ఇంకో చోటు వెతుక్కోవాలి. పైగా మీరు నడిచిన జాడ పట్టుకుని బొరియలో పొగబెట్టి చంపడానికి ఇంకొకడు పోతాడు.

ఎల్లోస్టోన్ సంగతి వేరు. అక్కడ మంచు ముదిరితే ఎల్క్ అనే పెద్ద దుప్పులు లామార్ లోయలాంటి పల్లపు చోట్లకు దిగుతాయి, వాటి వెనకే తోడేళ్లు వస్తాయి, తెల్లటి మంచు మీద నల్లటి తోడేలు ఎంత దూరానున్నా టెలిస్కోప్‌కు దొరికిపోతుంది, జనం రోడ్డు పక్కన నిలబడే చూస్తారు. 100 గజాల లోపలికి పోవద్దని రూలు కూడా ఉంది. అవి కూడా తెచ్చిపెట్టుకున్నవే: 1926 నాటికి ఉన్నవన్నీ చంపేసుకుని, 1995లో కెనడా నుంచి 14, మరుసటేడు 17 తెచ్చి వదిలారు.

మన తోడేలుది ఎండుగడ్డి రంగు, 20 కిలోల అటూ ఇటూ ఉంటుంది, కదలకుండా నిలబడితే పక్కనే ఉన్నా తెలియదు. దట్టమైన అడవి దానికి పెద్దగా నచ్చదు, గుట్టలు, తుమ్మ పొదలు, గొర్లు మేసే బంచరాయిలు కావాలి. మెదక్, కామారెడ్డి మధ్యనున్న పోచారం అభయారణ్యం జంతువుల్లో దీని పేరుంది. కానీ ముందు గొర్లకాపరులను అడగండి, వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. తెల్లవారకముందే బైనాక్యులర్ పట్టుకుని దూరంగా కూర్చోవాలి. నేనట్లా ఒకసారి రెండు గంటలు వణికితే కనిపించినవి రెండు నక్కలు! నక్క చిన్నది, మూతి సన్నం. రేసుకుక్క ఎర్రగా ఉంటుంది, తోక నల్ల కుచ్చు. పొడుగు కాళ్లతో, తల కిందికి వేసి తిన్నగా పోయేది తోడేలు. కనబడితే ఆ చోటు ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

ప్రశ్న: తోడేలు మా మందలో రెండు మేకలను ఎత్తుకుపోయింది. మీరేమో కాపాడమంటారు. నష్టం ఎవరిస్తారు? బహ్రాయిచ్‌లో పిల్లలనే చంపాయి కదా? – ఒక మేకల కాపరి, జనగామ జిల్లా

జవాబు: మీ కోపం న్యాయమే, పట్నంలో కూర్చుని నీతులు చెప్పడం నాకు తేలికే. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్‌లో జరిగింది నిజం, అట్లాంటిది అరుదన్నదీ నిజం. అయినా పిల్లలను ఆరుబయట పడుకోబెట్టొద్దు.

పశువును అడవి జంతువు చంపితే అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. కళేబరాన్ని కదపకండి, ఫోటోలు తీయండి, వెంటనే బీట్ ఆఫీసర్‌కు చెప్పి పశువుల డాక్టర్‌తో రాయించండి. దీనికి తిరగాలి, తెలుసు, కానీ కళేబరం పోయాక తిరిగినా లాభం లేదు. రాత్రి దొడ్డి చుట్టూ ముళ్లకంప ఎత్తుగా వేయండి, కుక్కలను కాపలా పెట్టి వాటికి రేబిస్ టీకా వేయించండి.

విషం మాత్రం పెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూల్లో ఉంది, చంపితే జైలే. ఆ మాంసం తోడేలు ఒక్కటే తినదు, మీ కుక్క తింటుంది, రాబందు తింటుంది. బెజ్జూరు దిక్కు పాలరాపు గుట్ట మీద రాబందులు బతకడమే కష్టంగా ఉంది.

ఇంకో మాట. 2022లో వేసిన అంచనా ప్రకారం దేశంలో తోడేళ్లు 3,100 దాకా ఉన్నాయి, అదే ఏడాది పులుల లెక్క 3,682. పులికి రిజర్వులున్నాయి, తోడేలు బతికే బంచరాయికి బంజరని పేరు. కరీంనగర్ దిక్కు ఎన్ని గుట్టలు గ్రానైట్ క్వారీలైపోయాయో మీకు తెలుసు. మీ మేకలు మేసేదీ ఆ బంచరాయిలోనే, దాన్ని ఎవరన్నా చదును చేయడానికొస్తే గ్రామసభలో అడ్డుపడండి.

ప్రశ్న: తోడేలూ ఊరకుక్కా జతకడతాయా? – ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: కడతాయమ్మా, కూనలు కూడా పుడతాయి. మహారాష్ట్రలో అట్లాంటివి దొరికాయి. అసలు తోడేలు జాతికి అదో టెన్షన్, కుక్కల రోగాలు అంటుకోవడం ఇంకో టెన్షన్.