ఏసీ మార్చాలా, సోలార్ పెట్టించాలా? ముందు మీటరు దగ్గర నిలబడండి

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో పాతికేళ్ల నాటి సొంతిల్లు. కింద మేం నలుగురం ఉంటాం, పై పోర్షన్ అద్దెకిచ్చాం. వాళ్లకు మీటరు వేరు. దసరాకు పైన కొత్తవాళ్లు దిగారు. నిరుడు మే నెలలో మాకు 340 యూనిట్లు కాలితే ఈ మేలో 520 కాలాయి, బిల్లు నాలుగు వేలు దాటింది. మేం కొత్తగా కొన్నదేమీ లేదు. ఆరేళ్ల నాటి టన్నున్నర 3 స్టార్ ఏసీ, పద్నాలుగేళ్ల ఫ్రిజ్, ఇన్వర్టర్, సంపు మోటారు, ఐదు ఫ్యాన్లు, అంతే. చేతిలో 40 వేలున్నాయి. షాపువాళ్లు 5 స్టార్ ఏసీ కొనమంటున్నారు. మా తమ్ముడేమో బంగారం పెట్టి లోను తీసుకుని సోలార్ పెట్టించమంటున్నాడు. బిల్లు తగ్గితే నెలకు రెండు వేల చొప్పున చిట్టీ కట్టాలని నా ఆశ. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఏసీ వద్దు. సోలార్ ఇప్పుడే వద్దు. రెండు వేల చిట్టీ అసలే వద్దు. మీ 40 వేలల్లో పది వేల దాకా ఖర్చు పెడితే సరిపోతుంది, అదీ మీటరు చూపించిన చోట.

ముందు లెక్క చూద్దాం. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు 2022 నుంచి ఉన్న స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఈ లెక్కన నిరుటి 340 యూనిట్లకు కరెంటు చార్జీ రూ.2,023. ఈసారి 520కి రూ.3,718. యూనిట్లు సగానికి కాస్త ఎక్కువ పెరిగితే డబ్బు 84 శాతం పెరిగింది. పెరిగిన ప్రతి యూనిట్టూ పై మెట్ల మీదే పడింది మరి. తగ్గించినప్పుడూ అంతే, ముందు రాలేది ఖరీదైన యూనిట్లే. మీరు ఆపే మొదటి 120 యూనిట్ల విలువ ఒక్కొక్కటి రూ.9.75. బిల్లును యూనిట్లతో భాగించి 'సగటున ఏడు రూపాయలే కదా' అనుకుంటే లెక్క తప్పుతుంది. ఫిక్స్‌డ్ చార్జీ, ఇంధన సర్దుబాటు చార్జీ లాంటివి వేరే వరుసల్లో ఉంటాయి. సర్దుబాటు ఎప్పటికప్పుడు మారుతుంది, పాత నెలలదీ కలుస్తుంది. దాని మీద బుర్ర పాడుచేసుకోకుండా యూనిట్ల అంకె ఒక్కటే పట్టుకోండి. రెండు బిల్లుల్లో రీడింగ్ తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో కూడా చూడండి. ఒకటి 30 రోజులది, ఇంకొకటి 34 రోజులదీ అయితే అక్కడే 60 యూనిట్ల తేడా వచ్చేస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 'కొత్తగా కొన్నదేమీ లేదు' అన్నది. 180 యూనిట్లు పెరిగాయంటే రోజుకు 6 యూనిట్లు, అంటే 250 వాట్ల వస్తువేదో రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతున్నట్టు. ఎండలు ముదిరి ఏసీ రోజూ ఇంకో గంట తిరిగిందనుకున్నా 30 యూనిట్లకు మించి రావు. మిగతాది ఎక్కడో కారుతోంది. కారే కుండకు మూత మార్చినట్టుంటుంది, అది వెతక్కుండా ఏసీ మారిస్తే.

మీ మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది. దాని పక్కన 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. 3200 ఉంటే ఆ లైటు 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఫోనులో ఒక నిమిషం టైమర్ పెట్టుకుని ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి 18.75తో గుణించండి. ఆ క్షణాన ఇల్లు లాగుతున్న వాట్లు అవే. 1600 మీటరైతే 37.5తో గుణించాలి. 3200 మీటరులో నిమిషానికి 13 మిణుకులంటే సుమారు 250 వాట్లు. మనం వెతుకుతున్న దొంగ సైజు సరిగ్గా అదే.

రాత్రి పది తర్వాత, పైవాళ్ల ఏసీ నడుస్తున్న వేళ చూసుకుని మీ బోర్డులో ఒక్కో లైనుకు విడివిడిగా ఉన్న ఎంసీబీ స్విచ్‌లన్నీ దించండి. ఫ్రిజ్, ఇన్వర్టర్ లైన్లు కూడా. మెయిన్ స్విచ్ మాత్రం దించకండి. మెయిన్ దించితే ఫేజుతో (కరెంటు తెచ్చే వైరు) పాటు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కూడా తెగి, అసలు లోపం కనబడకుండా పోవచ్చు. బోర్డులో ఇంకా పాత కిట్‌క్యాట్ ఫ్యూజులే ఉంటే ఈ పని ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ఇప్పుడు మీటరు లైటు ఆగిపోవాలి. ఆగకపోతే పైవాళ్లను ఒక్క నిమిషం ఏసీ ఆపమనండి. వాళ్లు ఆపగానే మీ మీటరూ ఆగిందా? అయితే దొరికింది. రెండు పోర్షన్ల న్యూట్రల్ వైర్లు గోడలో ఎక్కడో కలిసిపోయి ఉన్నాయి.

పాత ఇంటిని రెండు పోర్షన్లు చేసినప్పుడు తరచూ జరిగే పొరపాటే ఇది. ఫేజు వైరు విడిగా లాగుతారు, న్యూట్రల్ మాత్రం దగ్గర్లో కనబడ్డదానికి కలిపేస్తారు. దొంగతనం పట్టడం కోసం ఇప్పటి మీటర్లను ఫేజులో, న్యూట్రల్‌లో ఏది ఎక్కువైతే దాన్ని లెక్కించేలా చేస్తారు. పైన ఏసీ ఆరున్నర ఆంపియర్లు లాగుతోందనుకోండి. తిరుగు కరెంటులో సగం మీ న్యూట్రల్ గుండా వస్తుంది. కింద మీరు ఒక్క ఫ్యాన్ వేసుకుని పడుకున్నా మీ మీటరు మూడు ఆంపియర్లకు పైగా లెక్కేస్తుంది. పైవాళ్ల మీటరు వాళ్లది వాళ్లకు పూర్తిగా లెక్కేస్తూనే ఉంటుంది. కాబట్టి వాళ్లను అనుమానించకండి, వాళ్లకేమీ లాభం లేదు. చాలా మీటర్లలో ఇలాంటప్పుడు 'ఎర్త్' అని రాసున్న ఇంకో లైటు వెలుగుతుంది, అదీ చూడండి. రెండు న్యూట్రళ్లను విడదీసి, ఎవరిది వాళ్ల మీటరు నుంచే లాగించడమే మరమ్మతు. మంచి ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. పని మీటరు తర్వాతి వైర్లలోనే జరగాలి, సీలు జోలికి ఎవర్నీ పోనివ్వకండి.

పైవాళ్లు ఏసీ ఆపినా మీ లైటు మిణుకుతూనే ఉంటే మీటరుకూ బోర్డుకూ మధ్య వైరులో లీకేజీ ఉండొచ్చు, లేదా మీటరుదే లోపం కావచ్చు. ముందు వైరు చూపించండి. వైరు బాగుందని తేలితే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి, లేదా కరెంటువాళ్ల సెక్షన్ ఆఫీసులో రాసిచ్చి మీటరు పరీక్ష అడగండి.

ఎంసీబీలు దించగానే లైటు పూర్తిగా ఆగిపోయిందనుకోండి. అప్పుడు ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ నిమిషం లెక్క రాసుకోండి. నా అనుమానం మొదట ఇన్వర్టర్ మీద. బ్యాటరీ ముసలిదైతే ఎంత చార్జ్ చేసినా నిండదు, చార్జర్ ఆగదు. లాగిన కరెంటంతా వేడిగా పోతుంది. బ్యాటరీ పక్కన చెయ్యి పెడితే వెచ్చగా ఉండి, పుల్లటి వాసన వస్తూ, మూడు నాలుగు నెలలకోసారి పోయాల్సిన డిస్టిల్డ్ వాటర్ నెలనెలా అడుగుతోందంటే దాని పని అయిపోయినట్టే. అది 40 వాట్లు ఊరికే తిన్నా నెలకు 29 యూనిట్లు. మీ వీధిలో కరెంటు కోత అరుదైతే కొత్త బ్యాటరీకి తొందరపడకండి, దాన్ని తీసేసి ఒక నెల చూడండి.

తర్వాత నీళ్లు. సంపు మోటారు ట్యాంకు నింపడానికి నిరుడు ఎంతసేపు పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో గుర్తు చేసుకోండి. పాతిక నిమిషాల పని యాభై నిమిషాలైతే సంపులో పైపు చివర ఉండే ఫుట్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదనో, పైపు గాలి పీలుస్తోందనో, కెపాసిటర్ బలహీనపడిందనో అర్థం. మోటారు బాగానే ఉండి రోజుకు రెండుసార్లు వేయాల్సి వస్తుంటే నీళ్లు ఎక్కడో పోతున్నాయి. పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకులో చెంచాడు పసుపు కలపండి. ఎవరూ ఫ్లష్ నొక్కకుండానే తెల్లారేసరికి కింద కమోడ్‌లో పసుపు రంగు కనిపిస్తే లోపలి వాషర్ పోయింది. నూట యాభై రూపాయల సామాను. ఒక హెచ్‌పీ మోటారు రోజూ నలభై నిమిషాలు అదనంగా తిరిగితే నెలకు 20 యూనిట్లు, వాషర్ ఖరీదుకన్నా ఎక్కువే.

ఫ్రిజ్ తలుపు అంచున పది రూపాయల నోటు పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే అక్కడ గ్యాస్కెట్, అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు, వదులైంది. నాలుగు వైపులా చూడాలి, ఎక్కువగా కింది మూల పోతుంది. వెనక గోడకు జానెడు ఎడం ఉండాలి, దుమ్ము దులపాలి. రాత్రి పడుకున్నాక కంప్రెసర్ శబ్దం గంటలో ఒక్కసారీ ఆగకపోతే థర్మోస్టాట్ గానీ డీఫ్రాస్ట్ గానీ పాడైందేమో మెకానిక్‌కు చూపించండి. పాత ఫ్రిజ్ కదా మార్చేద్దామా అంటారేమో. పాతది రోజుకు 2 యూనిట్లు తింటోందనుకున్నా, కొత్తది నెలకు 40 యూనిట్లు ఆదా చేస్తుంది. వేసవి కాని నెలల్లో వాటి విలువ రూ.240. పాతిక వేలు తిరిగి రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ముందు వెయ్యి, పన్నెండు వందలతో గ్యాస్కెట్ మార్పించండి.

ఇక అందరి నోటా నానిన ఏసీ. రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే మీది సుమారు 8 యూనిట్లు, నెలకు 240. 5 స్టార్‌ది అందులో ఐదో వంతు మిగిల్చినా 48 యూనిట్లు, రూ.468. మీరు ఏసీ గట్టిగా వాడేది ఏడాదికి నాలుగు నెలలు. అంటే ఏడాదికి రూ.1,870. ఏసీ ధర 42 వేలు. ఇరవై రెండేళ్లు! ఆ ఏసీ అన్నాళ్లు బతకదు. అదే మీరు ఇప్పుడు 20 మీద పెడుతుంటే 25కు జరిపి ఫ్యాన్ రెండో నంబర్లో తిప్పండి. ఒక్కో డిగ్రీకి దాదాపు 6 శాతం తగ్గుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. సుమారు 60 యూనిట్లు పైసా ఖర్చు లేకుండా మిగులుతాయి. రోహిణి కార్తెలో 25 చాలదని పిల్లలు గోల చేస్తే మొదటి అరగంట 23 పెట్టి తర్వాత జరపండి. ఫిల్టరు మూడు వారాలకోసారి కడగండి, బయటి యూనిట్‌ను సీజన్ ముందు ప్రెషర్ వాటర్‌తో కడిగించండి. తలుపు కింద సందు మూయించండి. గదికి పడమటి కిటికీ ఉంటే లోపలి కర్టెన్ కన్నా బయట కట్టిన వెదురు తడిక మేలు. ఎండ అద్దాన్ని తాకాక కర్టెన్ ఆపేది తక్కువే. సర్వీసుకు వచ్చినవాడు ఏటా 'గ్యాస్ తగ్గిందమ్మా' అంటే ఎక్కించనివ్వకండి. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే లీకుంది, ముందు లీకు చూపించి మూయమనండి.

ఫ్యాన్లు ఐదూ మార్చకండి. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటు తినే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30. రోజుకు పదహారు గంటలు తిరిగే హాలు, పడకగది ఫ్యాన్ల దగ్గర ఈ తేడా రెంటికీ కలిపి నెలకు 43 యూనిట్లు. ఆరు వేల ఖర్చు దాదాపు ఇరవై నెలల్లో వచ్చేస్తుంది. మూడు గంటలే తిరిగే వంటింటి ఫ్యాన్‌కు ఏళ్లు పడుతుంది. బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్ తప్పించి నేరుగా లైను ఇవ్వమనండి, లేకపోతే ఫ్యాన్‌లోని బోర్డు పాడవుతుంది.

ఖర్చు లెక్క ఇలా ఉంటుంది: ఎలక్ట్రీషియన్‌కు 1,500, ఏసీ సర్వీసుకు 700, గ్యాస్కెట్‌కు 1,200, ఫ్లష్, వాల్వ్ సామానుకు 500, రెండు ఫ్యాన్లకు 6,000. పది వేల లోపే. మిగతా 30 వేలు బ్యాంకు ఎఫ్‌డీలో అత్యవసరానికి ఉంచండి. లోపం దొరికి ఇవన్నీ చేస్తే, తక్కువలో తక్కువ లెక్కేసినా వేసవి వాడకం 520 యూనిట్ల నుంచి 360 ప్రాంతానికి దిగుతుంది. అంటే సర్దుబాటు చార్జీతో కలిపి నెలకు సుమారు రూ.1,600 ఆదా.

అయితే అది వేసవి నాలుగు నెలల మాటే. ఏసీ ఆపేశాక మీరు ఆరు రూపాయల స్లాబులోకి వస్తారు, ఆదా 80 యూనిట్లు, రూ.480 దగ్గర ఆగుతుంది. ఏడాది మొత్తం పది వేలు, నెలకు సగటున రూ.850. దీన్ని నమ్ముకుని రెండు వేల చిట్టీ వేస్తే వేసవి దాటాక వాయిదా జీతంలోంచి కట్టాలి. చిట్టీ వాయిదా మీ మీటరు చూసి ఆగదు.

సోలార్ మంచిదే. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో కిలోవాట్‌కు 30 వేల చొప్పున రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కు రోజూ 4 యూనిట్ల దాకా వస్తాయి. కానీ మీరు ఇప్పుడు కొలత తీస్తే 520 చూసి పెద్దది అమ్ముతారు. కారుతున్న యూనిట్ల కోసం ప్యానెళ్లు కొన్నట్టవుతుంది. గ్రిడ్‌కు పంపే మిగులుకు మీరు కట్టే పై స్లాబు ధర రాదు. మరమ్మతుల తర్వాత పన్నెండు నెలల బిల్లులు దాచండి. రెండు కిలోవాట్లు సరిపోతాయా లేదా అప్పుడు తేలుతుంది. డాబా మీద కొబ్బరిచెట్టు నీడ మధ్యాహ్నం ఎక్కడ పడుతుందో కూడా ఈ ఏడాదిలో గమనించండి. అప్పటికీ బంగారం కుదువ పెట్టకండి, బ్యాంకులు సోలార్‌కు విడిగా లోన్లిస్తున్నాయి.

పోస్టాఫీసులో రూ.800 ఆర్‌డీ మొదలుపెట్టొచ్చు. అదీ జూలై, ఆగస్టు బిల్లులు రెండూ చూశాకే.