పేటెంటు దావా పడితే షేరు అమ్మేయాలా?

ప్రశ్న: నా దగ్గర ఒక టెక్నాలజీ కంపెనీ షేర్లు ఉన్నాయి. తమ పేటెంటును ఉల్లంఘించిందంటూ మరో కంపెనీ దానిపై దావా వేసిందన్న వార్త వచ్చిన రోజే ధర పడిపోయింది. ఇప్పుడు అమ్మేయడం మంచిదా? దావా వేసిన కంపెనీ చిన్నదనీ, గెలిస్తే దాని షేరు ఎన్నో రెట్లవుతుందనీ, దాన్ని కొనమనీ మిత్రులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ఒక్క రోజు ధర చూసి అమ్మవద్దనే నా సలహా. దావాలో ఎంత సొమ్ము అడిగారన్నదానికంటే, మీ కంపెనీ వస్తువు అమ్మకాన్నే ఆపించగలరా అన్నది ముందుగా తెలుసుకోవాలి. డబ్బుతో తీరిపోయే తగాదాను పెద్ద కంపెనీ తట్టుకోగలదు. ప్రధానమైన వస్తువు అమ్మకమే ఆగిపోతే మాత్రం ఆదాయానికి గండి పడుతుంది.

బ్లాక్‌బెర్రీ తయారీదారు రిసెర్చ్ ఇన్ మోషన్‌కు ఇదే ఎదురైంది. ఎన్‌టీపీ అనే సంస్థ వేసిన దావా వల్ల అమెరికాలో బ్లాక్‌బెర్రీ సేవలు నిలిచిపోతాయేమోనన్న భయం మదుపరులను చాలాకాలం వెంటాడింది. 2006 మార్చిలో 61.25 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడగానే, అంత సొమ్ము చేజారినా, షేరు పెరిగింది. అదే ఏడాది మే నెలలో ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఉల్లంఘన రుజువైనంత మాత్రాన నిషేధ ఉత్తర్వు దానంతటదే రాదని తేల్చడంతో అక్కడి కోర్టుల్లో అమ్మకాలను ఆపించడం కష్టమైంది. అయితే దిగుమతులను నిషేధించే అధికారం అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఉంది. మాసిమో అనే వైద్య పరికరాల కంపెనీ ఫిర్యాదుపై 2023లో ఆ కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు కారణంగానే, రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే సదుపాయాన్ని తొలగించి యాపిల్ తన వాచీలను అమెరికాలో అమ్మవలసి వచ్చింది. కాబట్టి దావా ఎక్కడ పడిందో కూడా చూడండి.

ఇక తీర్పులో కనిపించే అంకె చివరిదాకా నిలుస్తుందని అనుకోకండి. 2012 ఆగస్టు 24న కాలిఫోర్నియాలో జ్యూరీ ఒకటి యాపిల్‌కు దాదాపు 105 కోట్ల డాలర్లు చెల్లించాలని శామ్‌సంగ్‌ను ఆదేశించింది. తర్వాతి సోమవారం శామ్‌సంగ్ షేరు ఏడు శాతానికి పైగా పడింది, కానీ ఆ ఏడాది ముగిసేలోగానే ఆ నష్టాన్ని పూడ్చుకుంది. కేసు మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2018లో మరో జ్యూరీ దాదాపు 54 కోట్ల డాలర్లుగా తేల్చాక రాజీతో ముగిసింది. అప్పటికి ఏడేళ్లు గడిచాయి. తగాదా మొదలైనప్పటి ఫోన్లు అంగళ్లలోనే లేవు.

మీ మిత్రుల సలహా నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. విర్నెట్‌ఎక్స్ అనే చిన్న కంపెనీకి యాపిల్ 50 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2020లో టెక్సాస్ జ్యూరీ తీర్పు చెప్పింది. ఈలోగా ఆ పేటెంట్లే చెల్లవని పేటెంటు కార్యాలయంలోని అప్పీళ్ల బోర్డు తేల్చడం, 2023లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించడంతో ఆ తీర్పు నిలవలేదు. అమెరికాలో దావా ఎదుర్కొనే కంపెనీలు కోర్టులో వాదిస్తూనే, ఆ బోర్డు ముందు పేటెంటు మూలాన్నే సవాలు చేయడం పరిపాటి. అలాంటి అర్జీ పడిందా, బోర్డు దాన్ని విచారణకు తీసుకుందా అన్నది తెలియకుండా దావా వేసిన కంపెనీ షేరు కొనడం జూదమే అవుతుంది. దానికి వేరే వ్యాపారం లేకపోతే, అప్పీళ్లు ముగిసేదాకా లాయర్ల ఫీజులు కట్టే డబ్బు దాని చేతిలో ఉందో లేదో కూడా చూడండి.

మీ షేర్ల విషయానికి వస్తే, కంపెనీ వార్షిక నివేదికలో సంభావ్య బాధ్యతల గురించిన (అంటే దావా ఓడిపోవడం వంటివి జరిగితే కట్టవలసి రాగల సొమ్ము గురించిన) వివరణ చదవండి. వివాదంలో ఉన్న వస్తువు నుంచి ఆదాయంలో ఎంత భాగం వస్తోందో, పేటెంటు గడువు ఎప్పుడు తీరుతుందో కనుక్కోండి. సాధారణంగా ఆ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఆ భాగం స్వల్పమైతే, లేదా పేటెంటును తాకకుండా వస్తువును మార్చుకునే వీలుంటే, అమ్మవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.