ఎక్స్‌రే లేజర్ తగలగానే ప్రొటీన్ క్రిస్టల్ పేలిపోతే, ప్రొటీన్ ఆకారం ఎలా తెలుస్తుంది?

పేలిపోయే మాట నిజమే. కాకపోతే పేలేలోపే ఫొటో పడిపోతుంది.

నేను ఆ లేజర్‌ను కళ్ళతో చూడలేదు. గుంటూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం లైసోజైమ్ క్రిస్టల్స్ పెంచాను, అంతే. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ప్రొటీన్ ఇది. సన్నని గాజు పలక మీద 2 మైక్రోలీటర్ల ప్రొటీన్, 2 మైక్రోలీటర్ల ఉప్పు ద్రావణం కలిపి చుక్క పెట్టి, ప్లేటులో అంచులకు గ్రీజు రాసిన బావి (చిన్న గుంట) మీద బోర్లించాలి. ప్లేటుకు 24 బావులు. మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి ఏసీ ఆగింది. వేడికి క్రిస్టల్స్ కరిగి, చల్లబడ్డాక ఒక్కసారిగా పుట్టుకొచ్చాయి. పొద్దున మైక్రోస్కోప్‌లో చూస్తే చుక్క నిండా పంచదార పొడిలాంటి బుల్లి క్రిస్టల్స్! "పారబోసి మళ్ళీ పెట్టమ్మా" అన్నారు గైడ్ సార్.

ఆయన తప్పేం లేదు. మామూలు పద్ధతిలో ఒక్క క్రిస్టల్‌నే గడ్డకట్టించి, తిప్పుతూ ఎక్స్‌రే కొడతారు. మన ఇండోర్‌లో ఎక్స్‌రేలు పుట్టించే ఇండస్-2 యంత్రంలోనూ ఇందుకు ఒక బీమ్‌లైన్ (కిరణాలు వచ్చే దారి) ఉంది. క్రిస్టల్ మరీ చిన్నదైతే, కావలసినంత డేటా వచ్చేలోపే కిరణాలకు పాడైపోతుంది.

లేజర్‌కు ఆ పొడే కావాలి. దాని పల్స్, అంటే ఒక్కో మెరుపు, కొన్ని పదుల ఫెమ్టోసెకన్లే ఉంటుంది. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఫెమ్టోసెకను. పరమాణువులు చోటు కదలడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఉరుము వినపడేలోపే మెరుపు ఆరిపోయినట్టు, క్రిస్టల్ చెదిరేలోపే పల్స్ దాటిపోతుంది. ఇది సాధ్యమేనని 2000లో న్యూట్జే, హైడు అనే శాస్త్రవేత్తల బృందం లెక్కకట్టి చెప్పింది. కాలిఫోర్నియాలో 2009లో మొదలైన ఎల్‌సీఎల్‌ఎస్ లేజర్‌తో ఫొటోసిస్టమ్-1 (కిరణజన్య సంయోగక్రియలో పనిచేసే ప్రొటీన్ల గుంపు) మీద చేసి చూపిన ఫలితం 2011లో వచ్చింది.

ఒక క్రిస్టల్‌కు ఒకే ఫొటో, అదీ ఏ కోణంలో పడితే ఆ కోణంలో. అందుకే వెంట్రుక కన్నా సన్నని ద్రవపు ధారలో క్రిస్టల్స్‌ను వదులుతూ పోతారు. వేల ఫొటోలు కలిపి కంప్యూటరే ఆకారం కడుతుంది. 2011 ప్రయోగంలో 30 లక్షలకు పైగా ఫొటోలు తీస్తే, చివరికి పనికొచ్చినవి దాదాపు 15 వేలు! నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించింది ఇదే. రెండు పల్స్‌ల మధ్య జారిపోయే క్రిస్టల్స్ ఆ లెక్కలోకే రావు. గడ్డకట్టించే పని లేకపోవడం, ప్రొటీన్ కదలికలను వరసగా పట్టుకోగలగడం మాత్రం గొప్ప లాభాలు.

అన్నట్టు, ఆ 2011 ప్రయోగంలో ధార నిమిషానికి 10 మైక్రోలీటర్లు పారింది. నా ప్లేటులోని 24 చుక్కలూ కలిపి తీసుకెళ్ళినా పది నిమిషాలకు సరిపోయేవి కావు. కాబట్టి సింకులో పోసినందుకు నాకేం బాధ లేదు.