వేటకుక్క మూత్రం కాఫీ రంగులో వస్తే...

ప్రశ్న: మా వేటకుక్కకు అయిదేళ్లు, బరువు 25 కిలోలు. కొన్ని నెలలు ఖాళీగా ఉండి, మొదటిసారి రోజంతా పరుగెత్తింది. ఆ సాయంత్రం మూత్రం డికాక్షన్‌లా నల్లగా పోసింది. తొడలు బిగుసుకుపోయి లేవలేకపోయింది. మర్నాటికి రంగు తేటపడింది. కిడ్నీల పనిని చూపే రక్తపరీక్ష క్రియాటినిన్ మామూలుగానే ఉందన్నారు. ఇక భయం లేనట్టేనా? నొప్పికి మేం వేసుకునే మాత్ర ఇవ్వొచ్చా?

జవాబు: ముందు మాత్ర సంగతి. ఇవ్వకండి. మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు విషంతో సమానం. కుక్కలకిచ్చే కార్ప్రొఫెన్, మెలోక్సికామ్ కూడా ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ప్రమాదమే. అలాంటి వేళ కిడ్నీకి రక్తం అందేలా నాళాలను తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లోని రసాయనాలు. ఈ మందులు ఆపేది వాటినే.

ఇక ఆ రంగు. అలవాటు తప్పిన కుక్క శక్తికి మించి పరుగెడితే కండరాల కణాలు పగిలి, మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ రక్తంలో కలుస్తుంది. కిడ్నీ దాన్ని వడకట్టబోతే సన్నటి గొట్టాల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. మూత్రం ఎంత చిక్కగా ఉంటే నష్టం అంత ఎక్కువ. మళ్లీ ఇలా పోస్తే కొంచెం గాజు సీసాలో పట్టి కదపకుండా ఉంచండి. రక్తమైతే ఎర్రకణాలు అడుక్కి దిగి పైన తేరుకుంటుంది. మయోగ్లోబిన్ అయితే ఎంతసేపున్నా అదే రంగు. తేరేదాకా ఇంట్లో ఆగకండి, ఆ సీసాతో సహా అప్పుడే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. సెలైన్ ఎంత త్వరగా ఎక్కితే కిడ్నీకి అంత మేలు.

క్రియాటినిన్ బాగుందని నిశ్చింతగా ఉండొద్దు. కిడ్నీల పని దాదాపు ముప్పావు వంతు పోయాక గానీ అది మామూలు హద్దు దాటదు. దెబ్బ తగిలిన రోజే పెరగదు కూడా. రెండు మూడు రోజులకు మళ్లీ చూపించండి. దాంతోపాటు కిడ్నీల పనిని చూపే మరో రక్తపరీక్ష ఎస్‌డీఎంఏ, కండరాల దెబ్బను చూపే సీకే, పొద్దున్నే పోసిన మొదటి మూత్రం సాంద్రత చేయించండి. సాంద్రత 1.030 దాటితే మంచిదే. 1.008-1.012 మధ్యే పదేపదే వస్తుంటే కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేకపోతోందని అనుమానించాలి. సీకే మామూలయ్యేదాకా పరుగు వద్దు.

ఈ బరువు కుక్కకు ఊరికే ఉన్న రోజే లీటరుంపావు నుంచి లీటరున్నర నీరు కావాలి. వేట రోజున రెండు మూడింతలు. ఒకేసారి గటగటా తాగించకుండా, ప్రతి ఇరవై ముప్పై నిమిషాలకు 150 మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వండి. పళ్ల చిగుళ్ల మీద వేలు పెడితే జిగటగా అంటుకుంటోందా? అప్పటికే ఆలస్యమైంది, ఆ రోజుకు పని ఆపేయండి. నిలవనీటి గుంటల్లో తాగనివ్వద్దు. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ నేరుగా కిడ్నీలకే చేటు. దాని టీకా రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆపైన ఏటా ఒకటి.

మాంసం మాన్పించనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీని ప్రొటీన్ పాడుచేయదు. సీజన్ మొదలయ్యే ఆరు వారాల ముందునుంచే రోజూ కొంచెం కొంచెంగా పరుగు పెంచుతూ రండి.