అకూస్టిక్ గిటారుపై పాతకాలపు కంట్రీ బ్లూస్ నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్నప్పుడు కొన్నేళ్లు వీణ నేర్చుకున్నాననీ, ఇప్పుడు గిటారుపై పిక్ (తీగలు మీటే చిన్న పలక)తో సినిమా పాటలకు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వాయించగలననీ, అమెరికాలోని మిసిసిపీ, టెక్సస్ ప్రాంతాల పాత కంట్రీ బ్లూస్ (నల్లజాతివారి పల్లె పాటల శైలి) గాయకుల్లా ఒక్క గిటారు మీదే బేస్ (కింది మంద్ర స్వరాలు), పాట స్వరం రెండూ పలికించాలంటే దేనితో మొదలుపెట్టాలనీ మీరు అడిగారు. నేను దగ్గర గురువెవరూ లేకుండా రికార్డులు వింటూనే ఈ పద్ధతి నేర్చుకున్నాను కాబట్టి, నాకు ఉపయోగపడిన క్రమాన్నే చెబుతాను.

ముందు పిక్‌ను పక్కన పెట్టి, కొన్ని వారాల పాటు కుడిచేతి బొటనవేలికి తప్ప మరి దేనికీ పని చెప్పకండి. E మేజర్ కార్డ్ పట్టుకుని, ఆరో తీగను (అన్నిటికంటే లావైనదాన్ని) ఒక్కదాన్నే ప్రతి దెబ్బకూ ఒకసారి మీటుతూ పోవాలి; అరచేతి అంచును బ్రిడ్జి (తీగలు ఆనే పట్టీ) దగ్గర తేలికగా ఆనిస్తే ఆ నాదం సాగిపోకుండా పొట్టిగా తెగుతుంది. A కార్డ్‌కు మారినప్పుడు ఐదో తీగ, బీ సెవెన్‌కు మారినప్పుడు అదే ఐదో తీగ రెండో ఫ్రెట్ (మెట్టు). బొటనవేలు ఇలా నడుస్తుండగానే ఎదుటివారితో మాట్లాడగలిగే స్థితి వచ్చాక, సన్నని పై తీగల మీద ఒక్కొక్క స్వరం చేర్చడం మొదలుపెట్టండి. లైట్నిన్ హాప్కిన్స్, మాన్స్ లిప్స్‌కోమ్ అనే ఇద్దరు టెక్సస్ వాద్యకారుల దగ్గర ఈ ఒంటి బేస్ స్పష్టంగా వినిపిస్తుంది. లిప్స్‌కోమ్ జీవితంలో ఎక్కువ భాగం నవసోటా దగ్గర వ్యవసాయం చేసి, 1960లో, అరవై దాటిన తర్వాతే తొలిసారి రికార్డు చేశాడు. నాట్యానికి వాయించి అలవాటైన చెయ్యి కనుక లయ ఎక్కడా చెదరదు.

ఇక్కడ వీణ మీకు నిజంగా సాయపడుతుంది. వీణలో చూపుడువేలు, మధ్యవేలు రాగం మీటుతుంటే చిటికెనవేలు పక్క తీగలపై తాళం వేస్తుంది కదా, బ్లూస్‌లో ఆ బాధ్యత బొటనవేలిది. చేతిలో రెండు పనులు విడివిడిగా జరగడం మీకు కొత్త కాదు. అయితే వీణపై వేళ్లు తీగను కిందికి మీటుతాయి, గిటారుపై పైకి లాగాలి. ఆ అలవాటు మారడానికి కొంత ఓపిక అవసరం. ఎడమచేతి విషయంలో మీరు ఇంకా ముందున్నారు: మొదటి తీగ మూడో ఫ్రెట్ దగ్గర పలికే జీ స్వరాన్ని E కార్డ్‌పై వాయించేటప్పుడు తీగను కొద్దిగా పక్కకు జరిపి, పై స్వరాన్ని పూర్తిగా అందుకోకుండా మధ్యలోనే నిలపాలి. కార్డులతోనే గిటారు నేర్చినవారికి ఆ చోటు దొరకడానికి చాలా కాలం పడుతుంది, గమకం తెలిసిన చెవికి త్వరగానే దొరుకుతుంది.

రెండో మెట్టు మారుతూ నడిచే బేస్. దీనికి మిసిసిపీ జాన్ హర్ట్ ఒక్కడు చాలని నా అభిప్రాయం. 1928లో రికార్డులు చేసి, తర్వాత అవలాన్ అనే పల్లెలో పొలం పనులకు వెళ్లిపోయిన ఆయనను 1963లో అభిమానులు వెతికి పట్టుకున్నారు. ఆ తర్వాతి రికార్డింగుల్లో ధ్వని శుభ్రంగా ఉంటుంది కనుక వాటితోనే మొదలుపెట్టండి. సీ కార్డ్‌లో బొటనవేలు ఐదు, నాలుగు, ఆరు, నాలుగు తీగల క్రమంలో తిరుగుతుంది; ఆరో తీగకు వెళ్లినప్పుడు ఎడమ ఉంగరపువేలిని మూడో ఫ్రెట్‌కు జరపాలి. పాట స్వరాలను మొదట బొటనవేలితో కలిపి ఒకేసారి మీటండి, అది కుదిరాకే రెండు బేస్ దెబ్బల నడుమ పడేవాటికి వెళ్లండి.

ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెలతో రాసే పద్ధతి) చూడవద్దని అనను, కానీ ఒక పాటను నోటితో పాడగలిగే వరకు దాన్ని తెరవకండి. వేలు ఏ ఫ్రెట్‌పై పెట్టాలో అది చెబుతుంది గానీ, ఎంత గట్టిగా మీటాలో, ఎక్కడ ఆపాలో చెప్పదు. పాత రికార్డుల శ్రుతి తరచుగా రెండు స్వరాల మధ్య ఎక్కడో ఉంటుంది. అలాంటప్పుడు ట్యూనర్‌ను కాక రికార్డునే నమ్మి గిటారును దానికి శ్రుతి చేసుకోవాలి. శ్రుతి మారకుండా వేగం తగ్గించే యాప్ ఒకటి ఉంటే సగం పని తేలికవుతుంది.

తాళశిక్షణ ఉన్న మీకు ఒక చిక్కు కూడా ఎదురవుతుంది. పుస్తకాల్లో బ్లూస్ అంటే పన్నెండు బార్లు (నాలుగేసి దెబ్బల భాగాలు): E నాలుగు, A రెండు, E రెండు, బీ సెవెన్ ఒకటి, A ఒకటి, చివరికి E రెండు. టెక్సస్ గాయకుడు బ్లైండ్ లెమన్ జెఫర్సన్‌నో హాప్కిన్స్‌నో వింటూ లెక్కపెడితే ఆవర్తనం ఒక చోట రెండు దెబ్బలు పొడుగవుతుంది, ఇంకో చోట తగ్గుతుంది. ఒంటరిగా పాడేవారు కనుక పాదం ముగిసి, గిటారు జవాబు పూర్తయ్యాకే తర్వాతి కార్డ్‌కు మారేవారు. నడక స్థిరంగానే ఉంటుంది, మారేది ఆవర్తనం పొడవు మాత్రమే. దాన్ని పన్నెండుకు సరిదిద్దాలని చూడకండి, పాటను అనుసరించి మారండి. అందుకే వాయించేటప్పుడు గొంతు ఎలా ఉన్నా పాడమంటాను.

స్లైడ్ (తీగలపై జరిపే గాజు లేదా లోహపు గొట్టం), ఓపెన్ శ్రుతులు (ఏ ఫ్రెట్‌నూ నొక్కకుండానే తీగలన్నీ ఒక కార్డ్‌గా మోగేలా చేసే శ్రుతులు) ఆ తర్వాత. ఓపెన్ జీకి ఆరో తీగ నుంచి డీ, జీ, డీ, జీ, బీ, డీ అని శ్రుతి చేస్తారు. స్లైడ్‌ను ఫ్రెట్ల మధ్య కాక సరిగ్గా ఫ్రెట్ కమ్మీ మీద నిలిపి, వెనుక ఒక వేలితో తీగల మోతను అణచాలి. దానికి తీగలు కొంచెం ఎత్తుగా ఉండాలి కనుక, మామూలు గిటారును పదేపదే మార్చే బదులు పాతది చవకగా దొరికితే స్లైడ్ కోసమే విడిగా ఉంచుకోండి.